నవ్వక నవ్వించుట

నవ్వు నాలుగు విధాల చేటన్న సామెత మనలో చాలమందికి చిన్ననాటనే చెవిని పడినది. సభలో నవ్వరాదని, పెద్దల యెదుట నవ్వరాదని శతకకారులును బుద్ధి చెప్పిరి. ఇన్ని నిషేధములున్నను తెలుగువాడు నవ్వుట మానలేదు. పెండ్లిపందిరిలో గాని, రైలుపెట్టెలో గాని, రచ్చబండ మీద గాని, ఉపాధ్యాయుల విశ్రాంతిగదిలో గాని నలుగురు చేరినచో అయిదవ మాట హాస్యపుమాటయే యగును. అయినను ఇందొక చిత్రము కలదు. ఒక హాస్యోక్తి ఒకని నోట వెలువడినప్పుడు సభ గొల్లుమనును. అదే యుక్తి మరియొకని నోట వెలువడినప్పుడు వినువారు ఒకరి మొగమొకరు చూచుకొని, మర్యాదకొరకు పెదవులు కదలింతురు. మాట మారలేదు, చెప్పు తీరు మారినది. ఈ తీరు పుట్టుకతో రావలసినదే గాని నేర్చిన వచ్చునది కాదని కొందరందురు. ఇన్నియేండ్లు తరగతిగదిలో మాటలాడి బ్రతికిన నాకు ఆ వాదమునందు నమ్మకము లేదు. గొంతు పుట్టుకతో వచ్చును, రాగము నేర్చుకొనవలసినదే. హాస్యమును అంతియే.

నేను దీనిని మొదట నేర్చినది ఏ యలంకారశాస్త్రము వలనను గాదు. మా బామ్మ వలన.

ఆమె కొంగుముడిలో ఎప్పుడును ఒక కాని యుండెడిది. కాని యనగా పాతకాలపు రాగినాణెము. అణాలో నాలుగవ వంతు. 1957లో దశాంశనాణెములు వచ్చిన పిమ్మట క్రమముగా అది చెలామణి తప్పినది. అయినను బామ్మ దానిని విడువలేదు. అప్పుడప్పుడు ముడివిప్పి నాకు చూపి, తన చిన్నతనమున కానికి ఏమేమి వచ్చెడివో చెప్పెడిది. అవి విని, కానికి కొనరాని వస్తువు లోకమున లేదని నేను నమ్మియుంటిని.

అప్పటికి నాకు ఆరేండ్లు. అక్షరములు కూడబలుకుకొని చదువుట క్రొత్తగా వచ్చినది. క్రొత్తగా చదువు వచ్చిన పిల్లవానికి వీధిలోని ప్రతిగోడయు పుస్తకమే గదా! ఒకనాడు మా యెదుటి మేడకు ఒక బల్ల తగిలించిరి. దానిమీద పెద్దయక్షరములతో ‘ఈ ఇల్లు అమ్మకానికి కలదు’ అని వ్రాసియున్నది. నేను ఒక్కొక్క యక్షరమే పట్టుకొని, ఊపిరి తీయవలసిన చోట గాక నాకు తోచిన చోట తీసి, చదువుట ముగించి లోపలికి పరుగెత్తితిని.

“బామ్మా! ఎదురింటి మేడ, అమ్మ, కానికేనట!”

బామ్మ దీపపు వత్తులు చేసుకొనుచుండెను. తలయెత్తలేదు, నవ్వలేదు. కొంగుముడి విప్పి, కాని తీసి నా చేతిలో పెట్టి, కూరల బండివద్దకు పంపునప్పటి గొంతుతోనే ఇట్లనెను:

“వెళ్లి కొనుక్కురా నాయనా. పుచ్చు లేకుండా చూసి మరీ తీసుకో.”

నేను కాని గుప్పిట బిగించి గడప దాటితిని. నాలుగడుగులు వేసిన తరువాత అనుమానము పుట్టినది. వంకాయకు పుచ్చుండును, మేడకు పుచ్చేమి? మరల బల్ల చదివితిని. ఈసారి ఊపిరి సరియైన చోట తీసితిని. వెనుదిరిగి చూచితినిగదా, బామ్మ కిటికీలోనుండి నన్నే చూచుచున్నది. అప్పుడు ఇద్దరమును ఒక్కసారిగా నవ్వితిమి. ఆ సాయంకాలము వీధి చివరివరకు గల బల్లలన్నియు చదివివచ్చితిని.

చదువుకొనని ఆ వృద్ధురాలి యొక్క మాటలో హాస్యము చెప్పువారికి కావలసిన లక్షణములన్నియు కలవని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. వానిని ఒక్కొక్కటిగా విప్పిచూతము.

మొదటిది, ఆమె నవ్వలేదు. భరతముని నాట్యశాస్త్రమున హాస్యము ఆత్మస్థమనియు, పరస్థమనియు రెండు విధములని చెప్పెను. తాను నవ్వునది ఆత్మస్థము. పరులను నవ్వించునది పరస్థము. హాస్యము చెప్పబూనిన వారిలో అనేకులు పరస్థమును కోరి బయలుదేరి, నడుమ ఆత్మస్థములో జారిపడుదురు. “ఒక జోకు చెప్తాను, పొట్ట చెక్కలవుతుంది” అని ఆరంభించి, సగము కథలోనే తమ పొట్ట తామే పట్టుకొందురు. విందునకు పిలిచి, అతిథులకంటె ముందు విస్తరిలో కూర్చుండు గృహస్థునకును వీరికిని భేదము లేదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటిభాగము 1924లో వెలువడినది. మొగల్తూరు నుండి బారిష్టరు చదువునకై ఇంగ్లండు బయలుదేరిన ఆ యువకుడు తన కథను తానే చెప్పును. దొరసానులు ధరించు టోపీయని యెరుగక కొని, దానిని తలమీద పెట్టుకొని దర్జాగా తిరుగును. తాను చేయుచున్నది నవ్వుబాటు పనియని కథ చెప్పు పార్వతీశము ఒక్కమారైనను కన్నుగీటి చెప్పడు. అతని గాంభీర్యమే మన నవ్వునకు మూలము. అతడు నవ్వినచో మనకు నవ్వుటకు మిగులునదేమి?

రెండవది, ఆమె కొసను కడదాక దాచినది. తెనాలి రామకృష్ణుని పేర ప్రజలు చెప్పుకొను కథలలో దొంగల కథ మీరందరు ఎరిగినదే. పెరటిలో దొంగలు దాగియున్నారని కనిపెట్టి, నగలపెట్టెను నూతిలో పడవేయుచున్నామని రామకృష్ణుడు భార్యతో బిగ్గరగా చెప్పును. దొంగలు పెట్టెకొరకు రాత్రియంతయు నీళ్లు తోడిపోయుదురు. తెల్లవారుజామున చీకటిలోనుండి రామకృష్ణుని గొంతు వినబడును: “ఇక చాలించండి నాయనలారా, మొక్కలకు సరిపోయాయి.” ఇప్పుడు ఈ కథను మన మిత్రుడొకడు ఎట్లు ఆరంభించునో వినుడు: “తెనాలి రామకృష్ణుడు దొంగలచేత తోటకు నీళ్లు పెట్టించిన కథ మీకు తెలుసా?” ఇంకేమున్నది! నూయియు, పెట్టెయు, రాత్రియు అన్నియు ఆ మొదటి వాక్యములోనే మునిగిపోయినవి. తరువాత అతడు ఎంత తోడినను నవ్వు పైకి రాదు.

ఈ విషయమున మన భాష మనకు చేసిన మేలొకటి కలదు. తెలుగు వాక్యమున క్రియ సాధారణముగా కడపట నిలుచును. వినువాడు వాక్యము ముగియువరకు వేచియుండుట మనకు స్వభావసిద్ధమైన యలవాటు. నవ్వు పుట్టించు మాటను ఆ కొసకు చేర్చుటయే మనము చేయవలసిన పని. బామ్మ మాటలను తారుమారు చేసి చూడుడు. “పుచ్చు లేకుండా చూసి తీసుకో, ఇదుగో కాని, వెళ్లి మేడ కొనుక్కురా” అన్నచో అర్థము చెడలేదు గాని హాస్యము చచ్చినది. పుచ్చు అన్నమాట తరువాత మరి ప్రయాణము ఉండరాదు.

మూడవది, వివరము. కొంగుముడి, కాని, వత్తులు అను మూడింటిని ఉంచి తక్కినవి విడిచితిని. ఆ బల్లకు ఏ రంగు వేసిరో, ఆనాడు ఏ వారమో మీకు చెప్పలేదు. హాస్యము చెప్పుటలో తడబడువాడు సరిగా ఇక్కడనే చిక్కుపడును. “అది మంగళవారం... కాదు కాదు, బుధవారం. మంగళవారం మా బావమరిది వచ్చాడు. ఏమేవ్, మీ తమ్ముడు వచ్చింది మంగళవారమేగా?” అని వంటింటివైపు తిరుగును. వంటింటినుండి సమాధానము వచ్చువరకు కథ వీధిలో నిలబడియుండవలసినదే. కొసమెరుపునకు పనికివచ్చు వివరము ఒక్కటియు విడువరాదు; పనికిరానిది ఒక్కటియు చేర్చరాదు. వినువారికి తెలియని సంగతి యేదైన ఉన్నచో దానిని ముందుగనే, మరియొక మాటలో కలిపి చెప్పవలెను. కాని యనగా నేమో నేను మీకు మేడ బల్ల చూపుటకు ముందే చెప్పితిని. నవ్వు రావలసిన తరువాత చెప్పు వివరణము, పెండ్లియైన పిదప తెచ్చిన బాజాల వంటిది.

నాలుగవది, విరామము. ఈ విద్యను చూడగోరువారు అష్టావధాన సభకు పోవలెను. పందొమ్మిదవ శతాబ్దపు చివర తిరుపతి వేంకటకవుల మూలమున తెలుగునాట మారుమ్రోగిన ఆ కళ నేటికిని సజీవముగా ఉన్నది. అందు ఎనిమిదిమంది పృచ్ఛకులలో ఒకని పని అప్రస్తుతప్రసంగము. నిషిద్ధాక్షరితోను, దత్తపదితోను పెనగులాడుచున్న అవధానిని సంబంధము లేని ప్రశ్నలతో కదలించుట అతని వంతు. అవధాని చమత్కారముగా సమాధానము చెప్పి, విడిచిన పద్యమును మరల అందుకొనవలెను. నేను చూచిన యొక సభలో పృచ్ఛకుడు ఇట్లడిగెను: “ఇంత ధారణశక్తి ఉన్న మీరు, ఇంట్లోవారు తెమ్మన్న సరుకులు ఎప్పుడైనా మరచిపోయారా?” అవధాని ఒక్క క్షణము ఆలోచించుచున్నట్లు ఆగెను. సభయంతయు ఆయన మొగము చూచుచుండెను. “నాకు జ్ఞాపకం లేదండి,” అని మరల ఆగి, “ఆవిడకుంది” అనెను. చప్పట్లు మ్రోగుచుండగనే తరువాతి పాదము ఎత్తుకొనెను. ఆ రెండవ నిలుపులేనిచో ఆ సమాధానమునకు విలువ సగము తగ్గును. ఆ నిలుపులోనే వినువాని మనస్సు ముందునకు పరుగెత్తి ఒకచోట కాలుమోపబోవును. చెప్పువాడు మరియొకచోట నేల చూపును. నేడు హాస్యోక్తులు చేతిలోని ఫోనులలో రాసులుగా వచ్చిపడుచున్నవి. అందు మంచివియు లేకపోలేదు. కాని వానిని చూచి చదివి వినిపించువాని కన్ను ఫోను మీద ఉండును, వినువాని మీద ఉండదు. ఎదుటివాని మొగము చూడనివానికి ఎక్కడ ఆగవలెనో ఎట్లు తెలియును?

అవధాని పొందిన చప్పట్లలో మరియొక సూత్రము దాగియున్నది. నవ్వు వచ్చిన వెంటనే అతడు పద్యములోనికి వెళ్లిపోయెను. చెప్పినదానిని మరల చెప్పలేదు, విప్పి చెప్పలేదు. బామ్మయు మరల వత్తులలో మునిగినది. కడపటి మెట్టు వినువాడే ఎక్కవలెను. మేడకు పుచ్చేమిటని నాకు నేను తెలిసికొన్నందుననే ఆ నవ్వు నాదైనది. విప్పి చెప్పిన హాస్యము, ఇతరులు నమలి పెట్టిన చెరకుముక్క.

ఇంతవరకు చెప్పినది హాస్యముయొక్క పనితనము. ఇంతతో ఆపినచో నేను మీకు సగమే చెప్పినవాడనగుదును. ఈ లక్షణములన్నియు ఉండియు హాస్యము చెడ్డదగుట కలదు. దానిని నేను నా నోటితోనే నిరూపించితిని.

కళాశాలలో చేరిన క్రొత్తలో ఒకనాడు భారతకథకు సంబంధించిన వచనపాఠము నడచుచున్నది. ఒక పల్లెటూరి విద్యార్థిని లేచి చదువుమంటిని. అతడు ఎలుగెత్తి చక్కగా చదువుచుండెను గాని అతని నాలుకకు మహాప్రాణములు పలుకవు. భీష్ముడన్నచోటనెల్ల ‘బీష్ముడు’ అనుచుండెను. నేను పుస్తకము దించి, ఏమాత్రము నవ్వక, ఇట్లంటిని:

“నాయనా! భీష్ములవారు రాజ్యం వదులుకున్నారు. పెళ్లి వదులుకున్నారు. ఇవాళ నీ చేతిలో పడి... ఒత్తు కూడా వదులుకున్నారు.”

తరగతి అదరిపోయినది. బల్లలు చరచిరి. చూడుడు: నేను నవ్వలేదు, కొస దాచితిని, మూడు మెట్లు కట్టి మూడవమెట్టు మీద మాట నిలిపితిని, సరియైన చోట ఆగితిని. లక్షణమునకు లోపము లేదు. ఆ గంట ముగియువరకు నన్ను నేను మెచ్చుకొనుచునే యుంటిని. ఆ విద్యార్థియు పెదవులు విప్పి నవ్వినట్లే చేసి కూర్చుండెను. మరునాడు అతని వంతు వచ్చినప్పుడు “గొంతు బాగాలేదండి” అనెను. మరల వారమునకు అదే మాట. ఆ గొంతు సంవత్సరమంతయు బాగుపడలేదు.

భరతముని నవ్వును ఆరు విధములుగా విభజించెను. స్మితము, హసితము ఉత్తములకు. విహసితము, ఉపహసితము మధ్యములకు. అపహసితము, అతిహసితము అధములకు చెప్పెను. చెక్కిళ్లు కొంచెము వికసించి, దంతములు కనబడనిది స్మితము. తగనిచోట పుట్టి, కన్నులు చెమర్చి, భుజములును శిరస్సును ఊగునట్లు చేయునది అపహసితము. ఈ శ్లోకార్థమును నేను ఎన్నియోసారులు పాఠము చెప్పియుంటిని. ఆనాడు నా తరగతిలో పుట్టినది అపహసితమే యని తెలిసికొనుటకు మాత్రము నాకొక సంవత్సరము పట్టినది. ఆ యేడు వార్షికపరీక్షలలో తెలుగున ఆ తరగతికెల్ల ఎక్కువ మార్కులు అతనికే వచ్చినవి. నవ్విన నాపచేనే పండినది. అయితే ఆ పంట చూచి సంతోషించుటకు నాకు మొగము చెల్లలేదు.

ఒకే పొరపాటు, ఇద్దరు పిల్లలు. ఒకడు ఊపిరి తప్పుచోట తీసెను, ఒకడు ఒత్తు విడిచెను. ఒకడు నవ్విన పిదప వీధిబల్లలన్నియు చదివివచ్చెను. ఒకడు నవ్వబడిన పిదప నోరు మూసికొనెను. భేదమెక్కడ? బామ్మ నాకు మాత్రమే వినబడునట్లు చెప్పినది. తప్పును నాచేతనే పట్టించినది. నేను తిరిగివచ్చినప్పుడు నాతో కలసి నవ్వినది. నేను ఏబదిమందిని ఒకవైపు నిలిపి, ఒక్కనిని మరియొకవైపు నిలిపితిని. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అన్న సామెత ఊరక పుట్టలేదు.

మన గొప్ప హాస్యరచయితలు ఈ రహస్యము నెరిగినవారు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, మిక్కిలి మార్పులతో 1909లో మరల వెలువడినది. అందు వెంకటేశముయొక్క తల్లి, గురుశిష్యులిద్దరు ఇంగ్లీషు మాటలాడుకొనగా వినవలెనని ముచ్చటపడును. గిరీశమును, వెంకటేశమును ఒకదానికొకటి పొందిక లేని ఇంగ్లీషు ముక్కలను మహాగంభీరముగా వల్లించుకొందురు. మనము పగలబడి నవ్వుదుము. ఎవరిని చూచి? ఇంగ్లీషు రాని యా తల్లిని చూచి కాదు. లేని చదువును ఉన్నట్లు చూపు డాంబికమును చూచి. ఉపాధ్యాయవృత్తిలో జీవించిన మునిమాణిక్యం నరసింహారావుగారు కాంతం కథలలో కథ చెప్పు భర్తనే మాటిమాటికి ఓడించిరి. దెబ్బ ఎవరిమీదనో పడక తప్పనప్పుడు చెప్పువాడు తన వీపునే చూపుట పెద్దమనిషితనము. అధికారము కలవానికి ఇది మర్యాద మాత్రమే కాదు, విధి. విద్యార్థి మరల సమాధానము చెప్పలేనిచోట ఉపాధ్యాయుడు విసరిన చమత్కారము చమత్కారము కాదు. చేతిలో కనబడని బెత్తము.

కావున ఉపాధ్యాయమిత్రులకు నా మనవి యొక్కటే. తరగతిలో హాస్యము మానవలదు. నవ్వులేని తరగతి ఉప్పులేని కూర. కాని నోటికి వచ్చిన మాటను విడుచుటకు ముందు, విరామమునకై ఎట్లును ఒక్క క్షణము ఆగుదుము గదా, ఆ క్షణమున ఈ నవ్వు ముగిసిన తరువాత తలవంచుకొని కూర్చుండువాడు ఎవడైన ఉండునా యని చూడుడు. ఉండునని తోచినచో ఎంత మంచిమాటయైనను మ్రింగివేయుడు. విద్యార్థులకును ఒక మాట. మీ యింటిలో హాస్యము చెప్పనేర్చిన పెద్దలు ఎవరైన ఉందురు. వారు ఏమి చెప్పిరో గాక, ఎక్కడ ఆగిరో, ఏమి విడిచిరో గమనింపుడు. విన్న కథను మరునాడు ఒక స్నేహితునికి సగము మాటలతో చెప్పి చూడుడు. నవ్వు రానిచో కథను తిట్టవలదు. ఏ మాట ముందుగా జారినదో వెదకుడు.

బామ్మ కాని ఇప్పుడు నా వద్దనున్నది. ప్రతి సంవత్సరము మొదటి తరగతిలో దానిని విద్యార్థులకు చూపి, మేడ కొనబోయిన కథ చెప్పి, ఆ పిదపనే పుస్తకము తెరచి చదువుమందును. ఎవరైన తడబడినచో తరగతియంతయు ‘పుచ్చు, పుచ్చు’ అని గుసగుసలాడును. తడబడినవాడును నవ్వి, మరల చదువును. ఈ యేడు ఒకనాడు పద్యమును విడదీయుటలో నేనే పొరబడితిని. తరగతి నిశ్శబ్దమైనది. వెనుకబల్ల నుండి ఒక విద్యార్థి మెల్లగా లేచెను.

“మాస్టారూ! కాని నా దగ్గర లేదు గానీ...” అని ఆగి, “పుచ్చు చూసుకోండి” అనెను.

తరగతియంతయు నవ్వినది. నేనును నవ్వితిని. అతడు మాత్రము నవ్వలేదు. విద్య పట్టుబడినదని సంతోషించితిని.